ప్రింటర్ వెతికిన పేరు

ప్రింటర్ చచ్చిపోయిందని ఇరవై మూడు రోజులుగా అందరికీ చెబుతున్నాను. నిజంగా చచ్చిందో లేదో నేను చూడలేదు. మీట నొక్కితే లైటు వెలుగుతుంది, కాగితం రాదు. నాకు తెలిసింది అంతే. చూడాల్సిన మనిషి లేదు కాబట్టి ఎవరూ చూడలేదు.

మా ఇంట్లో పని పంచుకున్న తీరు అలాంటిది. రోడ్డువైపు గది నాది. బయట 'హీరాలాల్ కిరాణం' అని బోర్డు ఉంటుంది. ఉప్పూ పప్పూ అమ్ముతాను, అడవి సరుకు కొంటాను. ఇప్పపువ్వు, చింతపండు, కుంకుడుకాయ ఏది తెచ్చినా చేత్తో పట్టుకుంటే తేమ ఎంతో, నెల తిరిగేసరికి తరుగు ఎంతో చెబుతాను. పక్క గదిలోని ల్యాప్‌టాప్, ప్రింటర్ మా జగదీష్ వాళ్లమ్మవి. జగదీష్ మా ఒక్క కొడుకు, వైరాలో కరెంటు లైన్‌మన్. నాలుగేళ్ల కిందట ఆ రెండూ కొని తెచ్చి తల్లికి నేర్పి వెళ్లాడు. ఎనిమిదో తరగతి చదివిన మనిషి. అయినా ఏడాది తిరిగేసరికి అడవి లోపలి పదకొండు ఊళ్లవాళ్లు ఆధార్ కాపీకైనా, కులం సర్టిఫికెట్‌కైనా మా తండాకే రావడం మొదలుపెట్టారు. చండ్రుగొండ ఇక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. మేం దారిలోనే ఉన్నాం.

ఆమె పోయి ఇరవై ఆరు రోజులు. ప్రింటర్ ఆగి ఇరవై మూడు. ఈ రెండు అంకెలూ నా దగ్గర విడివిడిగా ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి వేసి తేడా తీయలేదు. ముప్పై ఏళ్లు వ్యాపారం చేసినవాణ్ణి, అంత చిన్న తీసివేత చేయలేదు.

కడుపునొప్పి అంటే ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లాను. నాలుగు రోజులు ఉంచారు. అయిదో రోజు అంబులెన్సులో తెచ్చాను. పోయిన మూడో రోజు చేయాల్సినవి చేశాం. మా ఇంట్లో పోయినవాళ్ల వస్తువులు ఉంచుకునే అలవాటు లేదు, అయినవాళ్లకు ఇచ్చేస్తాం. చీరలు, దుప్పటి, చెప్పులు, టిఫిన్ డబ్బా, ఫోను అన్నీ ఆ మధ్యాహ్నమే ఇచ్చేశాను. పడి ఉన్న సరుకు పాడైన సరుకుతో సమానం. దుకాణం అయిదో రోజు తెరిచాను. తలుపు తీస్తే జనం వచ్చారు. మూస్తే పోయారు. నేను ఏడవలేదని చుట్టాలు గుసగుసలు పెట్టుకున్నారు. ఏడుపు రాలేదు. లేని సరుకు ఎక్కణ్ణుంచి తెస్తాను?

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు జంపక్క వచ్చింది. తొమ్మిది కిలోమీటర్ల లోపలి గూడెం ఆమెది. నాకు పన్నెండేళ్లుగా చింతపండు పోస్తోంది. నన్ను అన్నా అంటుంది, మా ఆవిణ్ణి వదినె అనేది. వెంట కూతురు శ్రావణి, భుజాన సంచి.

"అన్నా, వదినె గది తాళం తియ్యి. బిడ్డ కాయితం తియ్యాలె."

"మిషన్ చచ్చింది జంపక్కా."

"చస్తే లేపు."

"లేపేటోళ్లు లేరు."

శ్రావణి ముందుకొచ్చి ఫోను చూపించింది.

"నాకు నర్సింగ్ సీటొచ్చింది మామా. రేపు తొమ్మిదింటిలోపల ఖమ్మంల కాలేజీకి పోవాలె. ఈ హామీ పత్రం మీద అమ్మదన్న నాయినదన్న వేలిముద్ర ఉండాలెనట. లేకుంటే సీటు లిస్టుల నా ఎనకున్నోళ్లకు ఇస్తరట."

"ముందుగాల ఎందుకు తేలే?"

"పొద్దున పంపిండ్రు. మా ఊళ్ల సిగ్నల్ ఏడిది? గుట్టెక్కితే పన్నెండింటికి దిగింది."

"మీ అమ్మను ఖమ్మం తీసుకపో. ఆడ్నే కాయితం తీసి వేలు పెట్టించు."

"నేను పోతే ఆయినకు నీళ్లెవరిస్తరే?" అంది జంపక్క. "కాలు విరిగి మంచంల పడ్డడు. పక్కకు తిరగాలన్నా నేనే తిప్పాలె."

లెక్క వేశాను. కొత్తగూడెం బస్సు నాలుగూ నలభైకి, అక్కడ ఖమ్మం బస్సు దొరుకుతుంది. దాని తర్వాత మరి లేదు. చండ్రుగొండలో నెట్ సెంటర్ నడిపే పిచ్చయ్యకు ఫోన్ చేశాను. పెళ్లికి పోయి షట్టర్ వేశానన్నాడు, రాత్రికి గానీ రాడు. మిగిలింది రెండు గంటల పది నిమిషాలు, పనిచేయని ఒక మిషను. గిట్టుబాటయ్యే బేరం కాదు. నా వల్ల కాదన్నాను.

జంపక్క పోయి తూకం బల్ల మీద కూర్చుంది. ఆమె అక్కడ కూర్చుంటే నేను ఏ సరుకూ తూచలేను. ఆ సంగతి ఆమెకు తెలుసు.

తాళం తీశాను.

గదిలో గాలి బరువుగా ఉంది. కుర్చీ మీద మడిచిన తువ్వాలు, బల్ల మీద కళ్లజోడు. ఇచ్చేసిన వస్తువుల్లో కళ్లజోడు ఎట్లా తప్పిపోయిందో తెలియదు. వేరేవాళ్ల కళ్లకు పనికిరాదు కాబట్టి ఎవరూ తీసుకోలేదేమో. గోడకు ఒక చార్జర్ వేలాడుతోంది, ఆ కొసన ఏమీ లేదు. స్విచ్ వేసే ఉంది. ఆపేశాను.

జగదీష్‌కు ఫోన్ చేశాను.

"నాన్నా, స్తంభం మీదున్న. జల్దీ చెప్పు."

"ప్రింటర్ నడుస్తలేదు."

"ఆఫ్ చేసి ఆన్ చెయ్యి. దిగినంక చేస్త."

ఆపి వేశాం. మళ్లీ ఆపి వేశాం. మూడోసారి శ్రావణి వెనక మూత తీసింది. లోపల కాగితమేదీ ఇరుక్కోలేదు, రెండు బల్లి గుడ్లున్నాయి. చేటలోకి తీసి బయట పెట్టింది. ఇంకు సగానికి పైనే ఉంది.

"వైరుంటే సీదా ల్యాప్‌టాప్‌కు పెడుదుము. వైరేది మామా?"

ఆ వైరు కొన్న రోజే అట్టపెట్టెతో పాటు పారేశాను. వైర్‌లెస్ అన్నాక వైరు దేనికని అడిగింది నేనే.

"బాగనే తెలివి చేసినవ్," అంది జంపక్క గుమ్మంలోంచి.

శ్రావణి మిషను ముందు వంగి చూసింది. పైన చిన్న నీలం లైటు ఆగి ఆగి కొట్టుకుంటోంది.

"ఇది సావలే మామా. ఎతుకుతున్నది."

"దేన్ని?"

"వైఫైని. మా హాస్టల్‌ల గిట్లనే కొట్టుకుంటుండె. మీ ఇంట్ల వైఫై ఏడున్నది?"

"మా ఇంటికి నెట్టు తీగ రాలే. వైఫై ఎక్కడిది?"

"మరి నాలుగేండ్లు ఎట్ల నడిచింది?"

"మీ అత్త నడిపింది."

నా గదిలో త్రాసు ముల్లు ఎట్లా నిలబడుతుందో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆమె గదిలో కాగితం ఎట్లా బయటికొస్తుందో నేనూ అడగలేదు.

శ్రావణి ఒక మీటను వేలితో అదిమి పట్టుకుంది. మిషను గరగరమంది. లోపల ఏదో అటూ ఇటూ తిరిగింది. నెమ్మదిగా ఒక కాగితం దిగింది.

"సచ్చింది సచ్చిందంటివి! కాయితం కక్కుతున్నది కదనే!" జంపక్క లోపలికి వచ్చేసింది.

"అది మనది కాదమ్మా. తన సంగతి తను చెప్పుకునే కాయితం," అని శ్రావణి వేలు పెట్టి చదివింది. ఒక గీత దగ్గర ఆగింది. నా ముఖం చూసింది. "మామా, ఇది ఎతికే నెట్‌వర్క్ పేరు నీదే. హీరాలాల్. దొరుకుతలేదని రాసున్నది."

కాగితం తీసుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరే. బోర్డు మీద పెయింటర్ ఎట్లా రాశాడో అట్లాగే ఉంది.

మా ఇళ్లలో భార్య భర్త పేరు నోటితో పలకదు. మా తరం వరకూ భర్త కూడా భార్యను పేరు పెట్టి పిలవడు. కాగితాల మీద రాస్తాం, అది వేరు. నేను ఏమే అనేవాణ్ణి. బయటివాళ్లతో జగదీష్ వాళ్లమ్మ అనేవాణ్ణి. ఆమె నన్ను అదీ అనేది కాదు, గాజుల చప్పుడు చేసేది. రేషన్ కార్డువాళ్లు వచ్చి భర్త పేరు అడిగితే బయటికి తీసుకెళ్లి బోర్డు చూపించేది. వానలకు బోర్డు మీద ప్లాస్టిక్ పట్టా కప్పినప్పుడు ఒక సర్వే ఆయన వస్తే, ఆయన్ను నిలబెట్టి నిచ్చెనేసుకుని ఎక్కి పట్టా పక్కకు లాగింది.

ఖమ్మం దవాఖానాలోనూ అడిగారు. నేను మందుల చీటీ పట్టుకుని కిందికి పోయాను. తిరిగి వచ్చేసరికి నర్సు మూడోసారి గట్టిగా అడుగుతోంది. పేరు చెప్పమ్మా, రాసుకోవాలి, భర్త పేరు. ఆమె స్ట్రెచర్ మీద ముడుచుకుని ఉంది. నుదురంతా చెమట. "బోర్డు మీద ఉంటది," అంది.

బోర్డు అక్కడికి చాలా దూరం. నేనే వెళ్లి చెప్పాను.

అలాంటి మనిషి ఆ పేరును ఈ డబ్బాలో పెట్టింది. అప్పుడు తీసివేత చేశాను. ఇరవై ఆరులో ఇరవై మూడు పోతే మూడు. మూడో రోజు పొద్దున జగదీష్ ఈ గదిలోనే ఏవో ప్రింట్లు తీశాడు, వచ్చాయి. ఆ మధ్యాహ్నం ఫోను ఇచ్చేశాను. ఆ ఫోను పొద్దున తొమ్మిది నుంచి పొద్దుగూకే దాకా ఈ చార్జర్‌కే వేలాడేది. ఎందుకు అక్కడే పెడుతుందో ఒక్కరోజూ అడగలేదు.

"నెట్టు మీ అత్త ఫోన్‌లకెల్లి వచ్చేది," అన్నాను. "అది ఇప్పుడు ఇల్లందుల ఉన్నది."

ఇల్లందులో ఉన్నది ద్వాలి, మా ఆవిడ చెల్లెలు. ఫోను ఆమెకే ఇచ్చాను. చేశాను.

"బావా, అన్నం తిన్నవా?"

"తిన్న. అక్క ఫోన్‌ల ప్రింటర్‌కు నెట్టిచ్చేది ఒకటుంటది. దాని తాళం, అదే పాస్‌వర్డ్, ఏందో చూసి చెప్పు."

"దుకాణంల ఇచ్చి మొత్తం చెరిపించిన బావా. తెరిస్తే అక్క ఫొటోనే. పొద్దున లేస్తే అదే ముఖం. నాతోని కాలే."

"మంచిపని చేసినవ్," అన్నాను. మాటవరసకు కాదు. నేనైనా అదే చేసేవాణ్ణి.

మూడూ నలభై అయింది. జంపక్క కొంగు కొసను వేలికి చుట్టి విప్పుతోంది. సీటు ఆమె చేతిలోంచి జారి లిస్టులో కిందికి పోతున్నట్టే చూస్తోంది నా ఫోన్ వంక.

శ్రావణి మాత్రం ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

"అత్త ఫోనే ఉండాలని లేదు మామా. దీనికి మనిషి తెల్వదు, ఫోను తెల్వదు. పేరు, తాళం ఈ రెండే తెలుసు. నీ ఫోన్‌కు అదే పేరు పెట్టి అదే తాళం వేస్తే, పాతదే వచ్చిందనుకుంటది."

"మోసమా?"

"సెట్టింగు."

"తాళం చెరిపేసింది కద."

"ఫోన్‌ల పోయింది. ల్యాప్‌టాప్ కూడ అదే నెట్టు తాగింది గద, దీంట్ల ఉంటది." ఒక్కొక్క గడీ తెరుచుకుంటూ పోయింది. చివరికి ఎనిమిది నల్ల చుక్కలు కనబడ్డాయి. "ఇదే. చూపియ్యమంటె చూపిస్తది."

ఎనిమిది చుక్కలు. జగదీష్ పుట్టిన తేదీ అయితే సరిగ్గా ఎనిమిది అంకెలు. దుకాణం తెరిచిన తేదీ అయినా అంతే. పెళ్లి తేదీ మాకు తెలియదు, ఎండాకాలం అని మాత్రం తెలుసు. ఇట్లా అంచనాలు వేస్తుండగానే శ్రావణి నొక్కేసింది.

ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు, వరసగా.

"ఏమున్నది?" అంది జంపక్క.

"ఒకటి రెండు మూడు..."

"గింతేనా! గింతదానికి తాళమెందుకు, తడికె చాలు."

శ్రావణి నవ్వాపుకుంది. నా ఫోన్ అడిగింది. నేనే చేస్తానన్నాను. ఎక్కడ నొక్కాలో చెబుతుంటే నొక్కాను. పాత పేరు తుడిచేసి, ఆ కాగితం పక్కన పెట్టుకుని చూసి నా పేరు నేను కొట్టుకున్నాను. ఒక్కొక్క అక్షరం. గోనెసంచులు ఎత్తే వేళ్లు, రెండుసార్లు పక్క అక్షరం మీద పడ్డాయి. తుడిచి మళ్లీ కొట్టాను. తాళం వేశాను.

లైటు కొట్టుకుంటూనే ఉంది.

అయిదు నిమిషాలు చూశాం. ఆపి వేశాం. మళ్లీ అదే. నాలుగూ అయిదు. శ్రావణి ముఖంలో మొదటిసారి భయం కనబడింది. "పేరు కలిసింది, తాళం కలిసింది. మరేంది దీనికి?" అని డబ్బాతోనే మాట్లాడుతోంది. జంపక్క గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "పోనీ బిడ్డా. రాసి లేకుంటే ఎవరేం చేస్తరు," అంది. ఆ మాట నేను ఈ ఇరవై ఆరు రోజుల్లో చాలామంది నోట విన్నాను. విన్నప్పుడల్లా తల ఊపాను. ఇప్పుడు ఊపలేదు.

ఫోన్ మోగింది. జగదీష్.

"దిగిన నాన్నా. ఏమైంది ప్రింటర్‌కు?"

చేసిందంతా చెప్పాను. వాడు విని, "నీది కొత్త ఫోన్ గద," అన్నాడు. "దాని నెట్టు అయిదు మీద ఉంటది, ఆ ప్రింటర్‌కు అందదు. బ్యాండ్ అని ఉంటది చూడు, రెండు పాయింట్ నాలుగు పెట్టు."

శ్రావణికి వినబడింది. నా చేతిలోని ఫోన్ మీదికి వంగి వేలితో వెతుకుతోంది.

"జగదీష్, దానికి నా పేరు నువ్వు పెట్టినవా?"

"నేను కాదు. మొదట ఫోన్ కంపెనీ పేరే ఉండె. అమ్మనే మార్చింది. చూసి నేను నవ్విన. మీ నాయినకు చెప్పకు అన్నది."

"ఇయ్యాల ఇంకేమన్న స్తంభాలున్నయా?"

"రెండున్నయి."

"పైలంగ ఎక్కు," అని పెట్టేశాను.

తల తిప్పేసరికి లైటు కొట్టుకోవడం మానేసింది. నీలంగా, కదలకుండా ఉంది. అది కొట్టుకుంటున్నంతసేపూ గదిలో ఒక చప్పుడేదో ఉన్నట్టుండేది. చప్పుడేమీ లేదు, లైటే. ఇప్పుడు ఆ చప్పుడూ ఆగినట్టుంది.

శ్రావణి తన ఫోన్‌ను నా నెట్టుకు కలిపి పంపింది. మిషను ఒకసారి దగ్గింది. రెండు కాగితాలు వెచ్చగా బయటికొచ్చాయి. స్టాంపు ప్యాడ్ ఎండిపోయి ఉంటే నాలుగు చుక్కల నీళ్లు పోసి అరచేత్తో రుద్దాను. జంపక్క వేలు చింతపండు గింజ తీసీ తీసీ నున్నబడింది. మొదటి ముద్ర మచ్చలా పడింది, పాత చీటీ మీదే కాబట్టి నష్టం లేదు. అటూ ఇటూ దొర్లించి ఎట్లా పెట్టాలో చూపించి రెండోసారి అసలు కాగితం మీద పెట్టించాను. గీతలు కనబడ్డాయి.

బస్సు అయిదు నిమిషాలు ముందే వచ్చింది. శ్రావణి కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ను పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని సంచిలో పెట్టి ఎక్కింది. కిటికీలోంచి, "మామా, నెట్టు బంద్ చేసుకో, డేటా అయిపోతది," అని అరిచింది. బస్సు పోయింది.

జంపక్క వెంటనే పోలేదు. కొంగుతో వేలి మీది సిరా తుడుచుకుంటూ నిలబడింది.

"అన్నా, వదినె పేరేంది?"

"ఎందుకు?"

"పన్నెండేండ్లు వదినె వదినె అనుకుంట తిరిగిన. బిడ్డకు సీటు నిలబడ్డది. ఇంటికి పోయి, పోయిన పెద్దోళ్లకు ఇంత పెట్టి చెప్పుకోవాలె. మాకు మంచి చేసినోళ్ల పేర్లు చెప్తం. పేరు లేకుంటే ఎవరికని చెప్త?"

చెయ్యెత్తి చూపించడానికి ఆమె పేరుతో బోర్డు లేదు. ఆ పేరున్న కాగితం లోపల ఉంది, మరణ ధ్రువపత్రం. కానీ జంపక్కకు చదవడం రాదు.

"సోమ్లి," అన్నాను.

ఇరవై తొమ్మిదేళ్లలో నా నోట ఆ మాట రావడం అదే మొదలు. ఏదో అవుతుందని ఆగి చూశాను. ఏమీ కాలేదు. రోడ్డు మీద రెండు మేకలు పోయాయి.

"సోమ్లి," అని జంపక్క ఒకసారి తూచినట్టు అని, అడవి దారి పట్టింది. కొంత దూరం పోయాక మళ్లీ అనుకుంటోంది, మరిచిపోకుండా. గొంతు వినబడలేదు, మలుపు తిరిగేటప్పుడు పెదవులు కదలడం పక్కనుంచి కనబడింది.

లోపలికి వచ్చాను. నెట్టు బంద్ చేయడానికి ఫోన్ తీశాను. చార్జింగ్ ముప్పై ఒకటి ఉంది. బంద్ చేయకుండానే గోడకున్న చార్జర్‌కు పెట్టి స్విచ్ వేశాను. ఫోను ఇక్కడ ఉంటే దుకాణంలోకి రింగు వినబడుతుందా అని ద్వాలి చేత ఒకసారి చేయించుకుని చూశాను. వినబడుతుంది.

రేపు ఎవరైనా వస్తే ప్రింటర్ నడుస్తోందని చెప్పాలి.